మచ్చ ఆకు మీద, మూలం కుండీలో

బోన్సాయ్ మేపుల్ పెంచేవాళ్ళలో ఒక నమ్మకం బలంగా పాతుకుపోయింది. ఆకు అంచు గోధుమరంగుకు తిరిగినా, మధ్యలో మచ్చ పడినా, చిగురు ముడుచుకున్నా అది తెగులేనని, తెగులంటే మందు కొట్టాల్సిందేనని. ఒక మందుకు తగ్గకపోతే ఇంకో మందు. దానికీ తగ్గకపోతే నీళ్ళు చాలడం లేదనుకుని రెండు పూటలా తడపడం, చెట్టు నీరసించిందనుకుని ఎరువు వేయడం. మందు, నీళ్ళు, ఎరువు కలిసి మేపుల్‌కు సర్వరోగ నివారిణిగా చలామణీ అవుతున్నాయి. నర్సరీలో అడిగినా, తోటి పెంపకందారును అడిగినా మొదట వచ్చే సలహా ఇదే. ఈ సలహా తప్పని, చాలా సందర్భాల్లో చెట్టును కాపాడకపోగా దాని ప్రాణం తీస్తోందని నా వాదన. కుండీలో పెరిగే జపాన్ మేపుల్ ఆకు మీద కనబడే బాధల్లో ఎక్కువ భాగం ఆకులో పుట్టవు. వేరు దగ్గర, మట్టిలో, పోసే నీళ్ళలో, చెట్టును పెట్టిన చోట పుట్టి ఆకు దగ్గర బయటపడతాయి. అందువల్ల వెతకడం కింది నుంచి మొదలుకావాలి. పిచికారీ డబ్బా చేతికి రావలసింది అన్నిటికంటే చివర.

ఈ నమ్మకం ఊరికే పుట్టింది కాదు. దాని వెనక ఒక నిజమైన విజయం ఉంది. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో బూజు తెగులు ద్రాక్ష తోటలను తినేస్తున్న రోజుల్లో, దారి పక్కనున్న తీగల మీద దొంగలు పళ్ళు కోయకుండా మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఆ తీగలకు తెగులు అంతగా సోకకపోవడం మిలార్డే అనే వృక్షశాస్త్రజ్ఞుడి కంటబడింది. 1885లో ఆయన ఆ మిశ్రమాన్ని లోకానికి ప్రకటించాడు. మన రైతులు నేటికీ వాడే బోర్డో మిశ్రమం అదే. అప్పటినుంచి ఆకుమచ్చ అనగానే మందు గుర్తుకు రావడం అలవాటైంది. పొలంలో ఆ అలవాటుకు అర్థం ఉంది. అక్కడ ఒకే రకం మొక్కలు వేలల్లో పక్కపక్కనే ఉంటాయి, తెగులు ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది, వేళ్ళకు దిగినంత లోతు నేల ఉంటుంది. బోన్సాయ్ స్థితి ఇందుకు పూర్తిగా తలకిందులు. ఒంటరి చెట్టు, దోసెడు మట్టి, రెండు మూడు అంగుళాల లోతు. ఇక్కడ శిలీంధ్రం కంటే ముందు దెబ్బతీసేది ఆ దోసెడు మట్టే. మరో సంగతి కూడా మరిచిపోతున్నాం. బోర్డో మిశ్రమం గాని, దాని తరవాత వచ్చిన తెగులు మందుల్లో ఎక్కువ భాగం గాని, ఆకు మీద వాలిన శిలీంధ్ర బీజాన్ని మొలకెత్తకుండా ఆపుతాయి. అప్పటికే పడిన మచ్చను మాన్పవు. మచ్చ చూశాక కొట్టే మందు ఇల్లు కాలాక తవ్వే బావి.

అసలు ఆకు అంచే ముందు ఎందుకు ఎండుతుందో చూడాలి. మేపుల్ పెంపకంలో వినిపించే ఫిర్యాదుల్లో మొదటిది అదే. 1784లో ఈ చెట్టుకు శాస్త్రీయ నామం పెట్టిన థున్‌బర్గ్, విప్పిన అరచేయిలా ఉండే ఆకును చూసి పాల్మాటమ్ అన్నాడు. ఐదు, ఏడు, తొమ్మిది వేళ్ళుగా చీలిన పలుచని ఆకు. మర్రి, రావి ఆకులకున్న దళసరి తోలు దీనికి లేదు. వేరు పీల్చిన నీరు కాండం ఎక్కి, తొడిమ దాటి, పెద్ద ఈనెల్లోంచి చిన్న ఈనెల్లోకి చీలి, చివరికి ఆకు వేళ్ళ కొసలకు, అంచులకు చేరుతుంది. కాలువ చివరి పొలం లాంటిది ఆ అంచు. పై నుంచి నీరు తగ్గితే ముందు ఎండేది చివరి పొలమే. ఎండ, వేడిగాలి ఆకులోంచి లాగేసే నీరు, వేరు పంపే నీటిని మించిన రోజున కొసలూ అంచులూ మాడతాయి. ఈ మాడుకు క్రిమితో పనిలేదు. అందుకే అది దాదాపు అన్ని ఆకుల మీదా ఒకే పద్ధతిలో, కొసల నుంచి లోపలికి వస్తుంది. ఒక ఆకు నుంచి పక్క ఆకుకు అంటుకోదు. మచ్చ చుట్టూ వలయాలు, అందులో నల్లని చుక్కలు కనబడవు. ఇంతవరకు చాలామంది ఒప్పుకుంటారు. తప్పటడుగు పడేది ఆ తరవాతే. అంచు ఎండింది కాబట్టి నీళ్ళు చాలలేదు, ఇంకా పోయాలి అంటారు. అంచుకు నీరు చేరలేదన్నది నిజం. కుండీలో నీరు లేదన్నది మాత్రం అనుమానం. మట్టి పొడిబారినా, వేరు కుళ్ళినా, మట్టిలో ఉప్పు పేరుకున్నా, కుండీ గోడ కాగి వేరు ఉడికినా ఆకు ఒకే ముఖం పెడుతుంది. నాలుగు కారణాలకు ఒకటే గుర్తు ఉన్నప్పుడు ఆ గుర్తును చూసి వైద్యం చేయడం చీకట్లో రాయి వేయడమే.

వేరు కుళ్ళడానికీ ఆకు ఎండడానికీ ఉన్న ఈ చుట్టరికం నమ్మబుద్ధి కానివారు వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజి ఒకటి తీసుకుని చూడవచ్చు. దాన్ని నీళ్ళలో ముంచి, బల్లపరుపుగా అరచేతిలో పట్టుకోవాలి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇక నీరు లేదనిపిస్తుంది. అప్పుడు దాన్ని పక్కకు తిప్పి అంచు మీద నిలబెడితే మళ్ళీ ధార కడుతుంది. నిట్టనిలువుగా పట్టుకుంటే ఇంకా కారుతుంది. స్పాంజి అదే, నీరు అదే, మారింది ఎత్తు ఒక్కటే. కుండీలో మట్టి కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది. నీరు పోసి, అడుగు రంధ్రం నుంచి కారడం ఆగిపోయాక కూడా అట్టడుగున ఒక పొర పూర్తిగా తడిసి నిలిచిపోతుంది. ఆ పొర మందాన్ని నిర్ణయించేది మట్టి రేణువుల సైజు. కుండీ ఎంత లోతున్నా ఆ మందం మారదు. ఉదాహరణకు ఆ పొర 3 సెంటీమీటర్లు అనుకుందాం. 15 సెంటీమీటర్ల లోతు కుండీలో అది ఐదో వంతు. 5 సెంటీమీటర్ల లోతున్న బోన్సాయ్ పళ్ళెంలో సగానికి పైగా. వేళ్ళన్నీ ఉండేది ఆ కాస్త జాగాలోనే. గాలిలో కంటే నీటిలో ప్రాణవాయువు దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఊపిరాడని వేరు నీటిలో మునిగి ఉండి కూడా నీటిని పైకి పంపలేదు, కొద్ది రోజుల్లో కుళ్ళుతుంది. పైన ఆకు అంచు ఎండుతుంది. ఎండిందని ఇంకా నీళ్ళు పోస్తాం. మొక్క దాహంతో చనిపోయిందని చివరికి అనుకుంటాం, అది మునిగి చనిపోయినా.

బోన్సాయ్ పుట్టింట్లో ఈ సంగతి తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదేమో. 1923లో జపాన్‌లోని కాంటో ప్రాంతాన్ని కుదిపేసిన భూకంపం తరవాత టోక్యోలోని బోన్సాయ్ తోటమాలులు విశాలమైన స్థలం, మంచి నేల, నీరు వెతుక్కుంటూ ఇప్పటి సైతామా నగరంలోని ఒమియాకు తరలివెళ్ళారు. 1925లో అక్కడ బోన్సాయ్ పల్లె వెలిసింది. స్థలంతో పాటు నేలనీ నీటినీ చూసుకుని ఊరు కట్టుకున్నవాళ్ళ విద్య ఇది. వాళ్ళు వాడే అకదామా, అంటే ఎర్ర బంతి, కాంటో మైదానంలో దొరికే అగ్నిపర్వతపు బంకమట్టి గుళికలు. గుళికకూ గుళికకూ మధ్య గాలి, గుళిక లోపల నీరు. దాన్ని వాడేముందు జల్లెడ పట్టి దుమ్మంతా తీసేస్తారు. ఆ దుమ్ము గుళికల సందులను పూడ్చి, ఇందాక చెప్పిన తడి పొరను పెంచుతుంది కాబట్టి. ఏళ్ళు గడిచేకొద్దీ గుళికలు నలిగి మళ్ళీ బంకమట్టి అవుతాయి. అందుకే లేత మేపుల్‌కు ఏడాది రెండేళ్ళకోసారి, ముదిరినవాటికి ఇంకొంత ఎడంతో, మొగ్గ విచ్చుకోకముందే వేళ్ళు కత్తిరించి మట్టి మారుస్తారు. మన దగ్గరా, అమెరికాలోని తెలుగు ఇళ్ళలోనూ జరిగేది చాలావరకు ఇందుకు భిన్నం. కొన్న చెట్టును కొన్న మట్టిలోనే నాలుగైదేళ్ళు ఉంచేస్తారు. నీరు దిగడం లేదని అడుగున గులకరాళ్ళు పరుస్తారు. గులకరాళ్ళు వేస్తే తడి పొర పోదు, రాళ్ళ పైకి ఎక్కుతుంది. వేరుకు దక్కే జాగా ఇంకా తగ్గుతుంది. ఆ తరవాత ఆకు మాడితే తెగులు మందు కోసం వెతుకుతారు.

మొదటి దొంగ మట్టిలో ఉంటే, రెండో దొంగ నీళ్ళలో ఉంటాడు. మేపుల్‌కు కొద్దిగా ఆమ్లగుణం ఉన్న మట్టి కావాలి. జపాన్‌లో కుళాయి నీరు చాలాచోట్ల మృదువుగా ఉంటుంది. మన బోరు నీరు అలా ఉండదు. తాగునీటికి భారత ప్రమాణాలు పెట్టిన క్షారత హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీరు దొరకని చోట 600 దాకా సహించవచ్చు. మనిషికి అది పరవాలేదు. కుండీ మొక్కకు సుమారు 150 దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది. పోసిన నీరు ఆవిరైపోతుంది, అందులోని సున్నం, ఉప్పు మట్టిలో మిగిలిపోతాయి. ఉప్పు నీటితో పాటు ఆకు ఎక్కి అంచుల్లోనే పేరుకుంటుంది, ప్రయాణం అక్కడే ముగుస్తుంది కాబట్టి. సున్నం మట్టి స్వభావాన్ని క్షారం వైపు నెడుతుంది. మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందకుండా పోతుంది. అప్పుడు లేత ఆకు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా, వల పరిచినట్టు కనిపిస్తాయి. సున్నం ఎక్కువున్న నేలల్లో వేరుశనగ వేసిన రైతుకు ఈ రూపం బాగా తెలుసు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొడతాడు. అది తెగులు కాదని, ధాతు లోపమని ఆ రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. మేపుల్ యజమాని మాత్రం అదే పసుపును చూసి తెగులు మందు కొడతాడు, లేదా నత్రజని ఎరువు వేసి ఉప్పు బరువు ఇంకా పెంచుతాడు. నత్రజని లోపమైతే పసుపు ముదురు ఆకుల్లో మొదలవుతుంది, మొక్క పాత ఆకులోంచి తీసి కొత్త ఆకుకు ఇస్తుంది కాబట్టి. ఇనుము అలా కదలదు, అందుకే చిగురే ముందు పాలిపోతుంది. ఏ ఆకు ముందు పాలిపోయిందో చూసుకుంటే సగం రోగం తేలిపోతుంది. అన్నభేది పిచికారీ కూడా తాత్కాలిక ఉపశమనమే. నీరు మారకుండా చిగురు మారదు. వాన నీరు పట్టి ఉంచుకోవడం, అది చాలనప్పుడు శుద్ధిచేసిన నీటిని బోరు నీటిలో కలిపి క్షారత తగ్గించడం, ఎప్పుడు పోసినా అడుగు రంధ్రం నుంచి ధారగా కారేదాకా పోసి ఉప్పును కడిగేయడం, ఇవీ అసలు మందులు.

మచ్చ రూపం ఒక్కటే చూస్తే చాలదు, అది ఏ ఊళ్ళో, ఏ నెలలో పడిందన్నదీ సాక్ష్యమే. డాలస్‌లో ఉండే తెలుగు కుటుంబం, న్యూజెర్సీలో ఉండే తెలుగు కుటుంబం ఒకే రకం మేపుల్ కొన్నారనుకుందాం. ఇద్దరి చెట్లకూ ఆకులు గోధుమరంగుకు తిరిగాయి. డాలస్‌లో అది జులైలో, 38 డిగ్రీలు దాటిన పొడి గాలిలో, పడమటి ఎండ తగిలే వైపు మొదలైంది. న్యూజెర్సీలో మే నెలలో, వారం రోజులు చల్లని వాన పట్టాక, ఈనెల వెంబడి పాకింది. మొదటిది వేడి దెబ్బ, రెండోది ఆంత్రాక్నోస్ అనే శిలీంధ్రం కావడానికి ఎక్కువ అవకాశం. ఇద్దరికీ ఒకే మందు చెప్పేవాడు వైద్యుడు కాడు. క్రిమి వల్ల కాని నష్టం సాధారణంగా ఒక్కసారిగా వస్తుంది, ఒక క్రమంలో ఉంటుంది, కారణం తొలగగానే ఆగుతుంది. క్రిమి వల్ల వచ్చేది అక్కడొకటి ఇక్కడొకటిగా మొదలై, రోజుల తరబడి పాకుతుంది. చెట్టంతా ఒకేలా ఉందా, ఒక వైపే ఉందా, ఒక్క కొమ్మకే ఉందా? లేత ఆకులా, ముదురాకులా? అంచులా, ఈనెలా, ఈనెల నడుమా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి. ఆకుల సహజ గుణం తెలియకపోయినా పొరబడతాం. దేశోజో రకం వసంతంలో ఎర్రగా చిగిర్చి వేసవికి పచ్చబడుతుంది. తెల్లని మచ్చలుండే ఉకిగుమో లాంటి రకాలకు మామూలు ఎండ కూడా ఎక్కువే. మొదటిది జబ్బు కాదు, రెండోదానికి కావలసింది నీడ.

చూడకుండా నమ్మడం ఎంత బలమైనదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. మిట్టమధ్యాహ్నం ఆకుల మీద నీళ్ళు పడితే ఆ చుక్కలు భూతద్దాల్లా పనిచేసి ఆకును కాలుస్తాయని తోటల్లో తరతరాలుగా చెప్పుకుంటారు. బుడాపెస్ట్‌లోని పరిశోధకులు దీన్ని సరిగ్గా మేపుల్ ఆకుల మీదే పరీక్షించి 2010లో ఫలితం ప్రకటించారు. గాజు గోళీలు పెట్టిన మేపుల్ ఆకులు ఎండలో కాలాయి. నీటి చుక్కలున్న నున్నని మేపుల్, గింకో ఆకులు కాలలేదు. నీటి చుక్క ఆకుకు అంటుకుని పరుచుకుంటుంది, వెలుగు ఒకచోట కేంద్రీకరించే దూరం అక్కడ ఉండదు. మైనపు నూగు ఉండి చుక్కను పైకెత్తి పట్టే నీటి మొక్కల మీద మాత్రం కొంత నష్టం కనబడింది. అంటే, మధ్యాహ్నం వాడిపోతున్న మేపుల్‌కు నీళ్ళు పోయడానికి జంకి సాయంత్రం దాకా ఆగినవాళ్ళు ఒక పుకారుకు ఆకులను బలిపెట్టారన్నమాట. ఆకు తెగులు గురించి మనకున్న నమ్మకాల్లో ఎన్ని పరీక్షకు నిలుస్తాయో ఎవరికి వారు అడిగి చూసుకోవాలి.

నిజమైన తెగుళ్ళు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి, వాటిని కాదనడం నా ఉద్దేశం కాదు. ఆంత్రాక్నోస్ ఉంది. ఆకు మీద తెల్లని పొడి చల్లినట్టుండే బూడిద తెగులు ఉంది. గోధుమరంగు మచ్చ చుట్టూ ఊదారంగు అంచు కట్టి, లోపల నల్లని చుక్కలు పెట్టే ఫిల్లోస్టిక్టా మచ్చ ఉంది. చలికి దెబ్బతిన్న చిగుళ్ళను నల్లబరిచే సూడోమోనాస్ అనే బాక్టీరియా ఉంది. కాని ఈ నాలుగింటి కథా గమనిస్తే అన్నిటికీ ఒక వాతావరణం కావాలి. గంటల తరబడి తడిగా ఉండే ఆకు, గాలి ఆడని గుబురు, రాలిన పాత ఆకులు కుండీ మీదే పడి ఉండడం, చలి తగిలిన లేత చిగురు. తెగులుకు మొక్క, క్రిమి, వాతావరణం మూడూ కలవాలని మొక్కల వైద్యంలో మొదటి పాఠం. మూడింటిలో ఒక్కదాన్ని తీసేసినా తెగులు నిలవదు. పెంపకందారు చేతిలో ఉన్నది వాతావరణమే. గుబురు పలుచబరిచి, రాలిన ఆకులు ఏరి పారేసి, నీళ్ళు సాయంత్రానికి బదులు పొద్దున్నే పోసి, కుండీల మధ్య ఎడం పెంచితే చాలా చెట్లు మందు లేకుండానే గట్టెక్కుతాయి. ఏటా వసంతంలో చల్లని వానలు పట్టే ఊళ్ళో, ఏటా అదే తెగులు వచ్చే చెట్టుకు, మొగ్గ విచ్చుకునేటప్పుడే తగిన మందు కొట్టడం న్యాయం. తెగులేదో తేలింది, సమయమూ సరిగ్గా ఉంది కాబట్టి. జులైలో ఎండిన ఆకు మీద ఏ మందో తెలియకుండా కొట్టడానికి ఈ న్యాయం వర్తించదు.

మేపుల్‌ను నిజంగా చంపే శిలీంధ్రం ఒకటుంది. మందు పక్షాన వాదించేవారు దాన్నే తమ గట్టి సాక్ష్యంగా చూపుతారు. అది వెర్టిసీలియం ఎండు తెగులు. నిన్నటిదాకా బాగున్న కొమ్మ ఉన్నట్టుండి వాడుతుంది, దాని ఆకులన్నీ ఎండి అలాగే వేలాడతాయి, మిగతా చెట్టు మామూలుగా ఉంటుంది. ఆ కొమ్మను ఏటవాలుగా కోస్తే, చాలాసార్లు బెరడు కింది చెక్కలో ముదురు పచ్చ చారలు కనిపిస్తాయి. కాని ఈ సాక్ష్యం వాళ్ళకే ఎదురు తిరుగుతుంది. ఈ శిలీంధ్రం మట్టిలో ఏళ్ళ తరబడి నిద్రపోయి, వేరులోంచి ఎక్కి, నీటి గొట్టాలను మూసేస్తుంది. ఆకు మీద కొట్టిన ఏ మందూ అక్కడికి చేరదు. సోకిన చెట్టును బాగుచేసే మందే లేదు. చేయగలిగింది కొమ్మను ఆరోగ్యంగా ఉన్న చోటి దాకా కోయడం, కత్తెరను స్పిరిటుతో తుడవడం, ఆ మట్టిని మరో కుండీకి వాడకపోవడం, మిగిలిన వేళ్ళు బలంగా ఉండేలా చూడడం. అతి ప్రమాదకరమైన తెగులు కూడా వేరు కథే అయినప్పుడు, ఆకు మీద పిచికారీ ఏ ధైర్యంతో సమర్థించాలి?

ఇంకొందరు ఎండిన ఆకును సూక్ష్మదర్శినిలో చూపి, ఇదిగో శిలీంధ్రం అంటారు. చనిపోయిన ప్రతి ఆకు మీదా శిలీంధ్రం ఉంటుంది. చచ్చిన దాన్ని తినడమే దాని పని. ఒక క్రిమి రోగానికి కారణమని చెప్పాలంటే, ఆ క్రిమిని రోగి నుంచి వేరుచేసి పెంచి, ఆరోగ్యంగా ఉన్న ప్రాణికి ఎక్కించి, అదే రోగం పుట్టించి, మళ్ళీ అదే క్రిమిని బయటికి తీయాలని 19వ శతాబ్దం చివర్లోనే రాబర్ట్ కోచ్ నియమం పెట్టాడు. ఘటనాస్థలంలో కనబడినవాడల్లా హంతకుడు కాదన్న సాదా న్యాయమే అది. ఉప్పుకు మాడిన అంచు మీద తరవాత పట్టిన బూజును చూసి, బూజే మాడ్చిందనడం ఆ న్యాయానికి విరుద్ధం.

తగ్గితే తగ్గుతుంది, లేకపోతే పోయేదేముంది, ముందుజాగ్రత్తగా కొడితే తప్పేమిటని అడిగేవారే అందరికంటే ఎక్కువ. పోయేది చాలా ఉంది. రాగి మందులు చల్లని తడి వాతావరణంలో లేత ఆకును తామే మచ్చపరచగలవు. ఇంకా పెద్ద నష్టం పురుగు మందులది. ఆకు వన్నె తగ్గి, సూదితో పొడిచినట్టు సన్నని తెల్లచుక్కలు పడితే ఎర్రనల్లిని అనుమానించాలి. కొమ్మ కింద తెల్లకాగితం పట్టి తట్టితే, కదిలే మిరపగింజల పొడి లాంటి చుక్కలు రాలతాయి. నల్లి కీటకం కాదు, సాలీడు జాతిది. మామూలు పురుగు మందు దాన్ని చంపకపోగా, దాన్ని తినే అక్షింతల పురుగులనూ మిత్ర నల్లులనూ చంపుతుంది. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగు మందు వాడాక కొన్ని రకాల చెట్ల మీద నల్లి పెరిగిపోవడం పరిశోధనల్లో నమోదైంది. ఆకు అడుగుభాగానికి తగిలేలా నీటి ధార కొట్టడంతో, కాస్త నీడతో వదిలే నల్లిని మందుతో మేపుతున్నాం. చిగురు ముడిచి తేనె బంక కార్చే పేనుబంకకూ, ఆ బంక మీద పెరిగే మసికీ నీటి ధార, సబ్బు నీరు చాలావరకు సరిపోతాయి. వీటన్నిటికంటే పెద్ద నష్టం కాలం. మందు పనిచేస్తుందేమోనని ఎదురుచూసిన మూడు వారాల్లో కింద వేరు ఇంకా కుళ్ళుతుంది.

ఎండాకాలంలో చెట్టును కుండీలోంచి తీసి వేళ్ళు చూడలేం కదా అన్నది న్యాయమైన అభ్యంతరం. తీయనక్కర్లేదు. ఒక వెదురుపుల్లను మట్టిలో అడుగుదాకా గుచ్చి, పది నిమిషాలాగి తీస్తే అడుగున తడి ఎంతుందో, అది ముక్కు మూసుకునేంత కంపు కొడుతోందో లేదో తెలుస్తుంది. పోసిన నీరు వెంటనే దిగుతోందా, పైన చెరువులా నిలుస్తోందా చూస్తే మట్టి పూడుకుపోయిందో లేదో తెలుస్తుంది. నీరు పోసిన గంటకూ, మర్నాటి సాయంత్రానికీ కుండీని చేత్తో ఎత్తి బరువు పోల్చుకుంటే వేరు నీరు తాగుతోందో లేదో తెలుస్తుంది. పోసే నీటిలోనూ కారే నీటిలోనూ లవణాలు కొలిచే చిన్న పరికరం చవకలోనే దొరుకుతుంది. మధ్యాహ్నం కుండీ గోడ మీద చేయి ఆనించలేకపోతే లోపలి లేత వేరు ఎలా ఉందో ఊహించుకోవచ్చు. మట్టి వేడి 40 డిగ్రీలు దాటితే అది బతకడం కష్టం. కారణం తేలేదాకా చేయవలసినవి కొన్నే: మధ్యాహ్నపు ఎండ, పొడి గాలి తగలని చోటికి మార్చడం, ఎరువు ఆపడం, కుండీకి నీడ పట్టడం, ఉప్పు అనుమానమైతే మంచినీటితో కడగడం, తడి ఎక్కువైతే ఒకవైపు చిన్న రాయి పెట్టి కుండీని వాల్చడం. స్పాంజిని నిలబెట్టిన న్యాయమే ఇక్కడా. వేళ్ళ అసలు చికిత్స మొగ్గలు విచ్చుకోకముందు మట్టి మార్చే వేళకు జరుగుతుంది.

అంతవరకు ఆకులన్నీ పోతే చెట్టు ఏమైపోతుందన్న భయం ఉంటుంది. జపాన్ తోటమాలులు బలమైన మేపుల్‌కు వేసవి మొదట్లో తామే ఆకులన్నీ కత్తిరిస్తారు. హగరి అనే ఈ పద్ధతితో చెట్టు మళ్ళీ చిన్న ఆకులు వేస్తుంది. వేరులో, కాండంలో దాచుకున్న నిల్వ ఉంటే మేపుల్ ఒక విడత ఆకులను పోగొట్టుకుని బతకగలదని దీనివల్ల రుజువైంది. నీరసించిన చెట్టుకు హగరి చేయకూడదనడానికీ అదే రుజువు, నిల్వ లేదు కాబట్టి. చెట్టు బతుకు ఆకుల లెక్కలో లేదు, వేరు నిల్వలో ఉంది. ఈ దృష్టితోనే హైదరాబాద్, విజయవాడల్లో మేపుల్ పెంచాలనుకునేవారికి ఒక కఠినమైన మాట చెప్పాలి. ఈ చెట్టుకు ఆకు రాల్చి నిద్రపోవడానికి వారాల తరబడి నిజమైన చలి కావాలి. మన మైదానాల్లో అది దొరకదు. నిద్రలేని చెట్టు ఏటికేడు నిల్వ కరిగించుకుంటూ ఆకు మాడ్చుకుంటుంది. దానికి ఏ మందూ లేదు, ఎంత మంచి మట్టీ చాలదు. మన ఎండలో హాయిగా పెరిగే మర్రి, చింత, జువ్విలతో బోన్సాయ్ చేయడం ఆ చెట్టుకూ మనకూ మేలు.

ఎండిన అంచు మళ్ళీ పచ్చబడదు. ఏ వైద్యమూ ఆ ఆకును తిరిగి ఇవ్వదు. మందు కొట్టినవాడికీ కొట్టనివాడికీ ఆ ఆకు అలాగే ఉంటుంది. అందుకే మందు పనిచేసిందో లేదో ఎవరికీ తెలియకుండానే ఈ నమ్మకం ఇన్నాళ్ళు బతికింది. వైద్యం ఫలించిందో లేదో చెప్పేది ఆ తరవాత వచ్చే ఆకులు మాత్రమే. ఈ ఏడు వేసవిలో పుల్ల గుచ్చి చూసి, నీరు మార్చి, చలి చివర్లో పూడిన మట్టి తీసేసి జల్లించిన మట్టిలో నాటిన చెట్టు, వచ్చే వసంతంలో విప్పే ఆకులను జూన్ చివర పట్టుకుని చూడాలి. ఏడు వేళ్ళ కొసలూ మెత్తగా, పచ్చగా ఉంటే, నిరుడు అడిగిన ప్రశ్నకు జవాబు దొరికినట్టే. దాన్ని ఇచ్చింది వేరు.